ముధోల్ హౌండ్‌కు పిలిస్తే రావడం నేర్పేదెలా?

ముధోల్ హౌండ్ అనే దేశవాళీ వేటకుక్కను పెంచేవారికి ఏదో ఒక రోజు ఈ అనుభవం తప్పదు. కాలనీ చివర ఖాళీ ప్లాటులో దాని పట్టీ విప్పుతారు. ముప్పై అడుగుల అవతల తుమ్మ పొదల దగ్గర పిల్లి ఒకటి కదులుతుంది. మీరు పేరు పెట్టి పిలుస్తారు. కుక్క మెడ తిప్పి ఒక్క క్షణం మీ వైపు చూస్తుంది, విన్నానన్నట్టు ఒక చెవి వెనక్కి మడుస్తుంది, ఆపైన ముఖం తిప్పుకుని పిల్లి వెంట పడుతుంది. పక్కింటి లాబ్రడార్ అయితే ఈపాటికి మీ కాళ్ళ దగ్గర తోక ఊపుతూ ఉండేది. దీన్ని పొగరు అనుకున్నవారికి ఈ జాతితో ఏళ్ళ తరబడి పోట్లాటే మిగులుతుంది. కుక్కకు మీ మాట అర్థమైంది. మీ దగ్గరికి వస్తే ఏం దొరుకుతుందో, పిల్లి వెంట పోతే ఏం దొరుకుతుందో బేరీజు వేసుకుని, పిల్లే మేలని తేల్చుకుంది. ఆ లెక్క మీ వైపు మొగ్గేలా నెలల తరబడి ఓపికగా ఏర్పాటు చేసుకోవడమే ఈ కుక్కకు ఇచ్చే శిక్షణ.

ముధోల్ అనగానే మనలో చాలామందికి బాసర దగ్గరున్న నిర్మల్ జిల్లా ముధోల్ గుర్తొస్తుంది. ఈ కుక్క పేరు మాత్రం కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ముధోల్ నుంచి వచ్చింది. ఆ సంస్థానాన్ని ఏలిన మాలోజీరావు ఘోర్పడే ఈ కుక్కలను శ్రద్ధగా పెంచి, ఒక జంటను బ్రిటిష్ చక్రవర్తి అయిదో జార్జికి కానుకగా ఇచ్చాడు. మహారాష్ట్ర వైపు దీన్నే కారవాన్ హౌండ్ అంటారు, బిడారుల (ఊరూరా తిరిగే వర్తకుల గుంపుల) వెంట నడిచిన కుక్క కాబట్టి ఆ పేరు వచ్చిందని చెబుతారు. మన కార్వాన్ పేట పేరు కూడా బిడారుల మాటే కనుక, ఈ కుక్క హైదరాబాదుకు మరీ కొత్త చుట్టమేమీ కాదని నేను సరదాగా అంటుంటాను. 2005లో తపాలా శాఖ దేశవాళీ జాతుల మీద విడుదల చేసిన స్టాంపుల్లో దీనికీ చోటు దక్కింది. 2016లో సైన్యం మీరట్‌లోని తన కేంద్రంలో ఈ కుక్కలకు శిక్షణ మొదలుపెట్టింది. కాబట్టి నేర్చుకోలేని కుక్క అన్న మాట చెల్లదు.

మరి లాబ్రడార్‌తో తేడా ఎక్కడ వచ్చింది? వేటగాడు కాల్చిన పక్షిని తెచ్చి అతని చేతిలో పెట్టడం లాబ్రడార్ పూర్వీకుల వృత్తి, అందుకే అది మనిషి ముఖం చూస్తూ బతుకుతుంది. ముధోల్ చూపుతో వేటాడే కుక్క. దక్కను మైదానాల్లో కుందేలు లేచిందంటే వేటగాడు ఎక్కడో వెనక ఉండిపోతాడు. అతని కేక అందనంత దూరంలో, ఎటు మలుపు తీసుకోవాలో, ఎప్పుడు వేగం పెంచాలో కుక్క తనంతట తానే నిర్ణయించుకోవాలి. మాటిమాటికీ వెనక్కి తిరిగి యజమాని అనుమతి అడిగే కుక్కకు కుందేలు దొరకదు. తరతరాలుగా మనుషులు ఏరి ఏరి నిలుపుకున్నది ఆ సొంత బుద్ధినే. దాన్ని ఇప్పుడు మూడో అంతస్తు ఫ్లాటులోకి తెచ్చుకుని, అడుగడుగునా మన మాట వినలేదని నిష్ఠూరమాడడం న్యాయం కాదు.

శిక్షణ మొదలుపెట్టే ముందు సామాను సంగతి చూసుకోవాలి, ఎందుకంటే మామూలు కుక్కకు పనికొచ్చే పట్టీ దీనికి పనికిరాదు. ముధోల్ తల సన్నం, మెడ లావు. వెనక్కి ఒక్క గుంజు గుంజుకుంటే సాధారణ కాలర్ చెవుల మీదుగా జారి చేతిలోకి వచ్చేస్తుంది. లాగినప్పుడు కొంతవరకే బిగిసి ఆగే మార్టింగేల్ కాలర్‌తో పాటు, ఛాతీ వెనక రెండో పట్టీ కూడా ఉండే, ఒంటికి తొడిగే హార్నెస్ కొనండి. రెండోది పదిమీటర్ల పొడవాటి తాడు. బజారులో దొరికే సన్నని నైలాన్ తాడు అరచేతులను కోసేస్తుంది. నేను బేగంబజార్‌లో మంచాలకు అల్లే నవారు పదిమీటర్లు కొని, ఒక చివర కొక్కెం కుట్టించుకున్నాను, నాలుగేళ్ళుగా అదే వాడుతున్నాను. ఈ పొడవాటి నవారును ఎప్పుడూ హార్నెస్‌కే తగిలించాలి, మెడ పట్టీకి తగిలించకూడదు. పూర్తి వేగంతో పరుగెత్తే కుక్క తాడు చివరికి వచ్చి ఠక్కున ఆగితే మెడ ఎముకలకే దెబ్బ తగలవచ్చు.

మూడోది బహుమానం. ఉడికించిన చికెన్‌ను శనగగింజంత ముక్కలుగా కోసుకుంటే ఒక చిన్న డబ్బాతో వారం గడుస్తుంది. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి తగలనివ్వకూడదు. ఉల్లి జాతివన్నీ కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఎండు ద్రాక్ష, చాక్లెట్ అసలే వద్దు. ఈ ముక్కలు ఎంత పెట్టారో అంత మేర రాత్రి భోజనంలో తగ్గించాలి. ముధోల్ పక్కటెముకలు కొద్దిగా కనబడుతూ ఉండడమే ఆరోగ్యం. చూసినవారంతా ‘పాపం, తిండి పెట్టట్లేదా?’ అని అడుగుతారు. వారికి జవాబు చెప్పడం కూడా ఈ జాతిని పెంచడంలో భాగమే.

మొదటి పాఠం కుక్కకు కాదు, మీకు. కుక్క సరైన పని చేసిన క్షణానికీ, ముక్క నోటికి అందే క్షణానికీ మధ్య రెండు మూడు సెకన్లు గడుస్తాయి. ఆలోగా అది పక్కకు చూసినా, గోక్కున్నా, ముక్క దేనికి వచ్చిందో దానికి తెలియదు. ఆ సందును పూడ్చడానికి ఒక చిన్న మాట కావాలి. మా ఇంట్లో అది ‘భేష్’. రెండు మూడు రోజుల పాటు ఏ పనీ అడగకుండా, ‘భేష్’ అనడం, ముక్క ఇవ్వడం, ఇంతే చేయండి. రోజుకు నాలుగైదు సార్లు, ఒక్కోసారి పది ముక్కలు చాలు. మాట వినగానే కుక్క చటుక్కున మీ చేతి వైపు చూస్తే ఆ మాటకు విలువ వచ్చినట్టే. ఇకమీదట అది తనంతట తాను మీ కళ్ళలోకి చూసిన ప్రతిసారీ ‘భేష్’ పడాలి. సొంత బుద్ధి ఉన్న కుక్కకు ఈ మొదటి అలవాటే పునాది. అడగకముందే యజమాని వైపు చూడడం లాభసాటి అని అది స్వయంగా కనిపెట్టాలి. తాను కనిపెట్టిన దాన్ని ఈ జాతి చెప్పించుకున్న దానికంటే గట్టిగా పట్టుకుంటుంది.

చాలామంది శిక్షణను ‘సిట్’తో మొదలుపెట్టి, కుక్క కూర్చోకపోతే నడుము పట్టి నొక్కుతారు. సన్నని చర్మం, కొవ్వు లేని ఎముకలు, బలమైన తొడలున్న ముధోల్‌కు నున్నని టైల్స్ మీద పిరుదులు ఆనించి కూర్చోవడం హాయిగా ఉండదు, పైగా కాళ్ళు జారుతాయి. ఒక పాత బొంత నాలుగు మడతలు వేసి పరచండి. ముక్కను ముక్కు దగ్గర నుంచి నేల మీదికి, ముందుకు మెల్లగా జరిపితే అది బొంత మీద పడుకుంటుంది. ‘పడుకో’ నేర్పితే చాలు, కూర్చోవడం రాకపోయినా కొంప మునగదు. పైగా ఆ బొంతను ఎక్కడికి తీసుకెళ్తే అక్కడ, అది పశువుల డాక్టరు గది అయినా చుట్టాలిల్లు అయినా, పడుకోవడం వస్తుంది.

ఇక అసలు విషయమైన పిలుపు. దీనికి పెట్టే మాట దగ్గరే తెలుగువారి ఇంట్లో మొదటి పొరపాటు జరుగుతుంది. ‘రా’ అని పిలుస్తారు. మన ఇళ్ళలో పొద్దున లేచింది మొదలు ‘ఏంరా’, ‘పోరా’, ‘ఇటు రా’, ‘చెప్పరా’ అంటూ వందసార్లు ఆ శబ్దం వినబడుతుంది, అందులో ఒక్కటీ కుక్కకు సంబంధించింది కాదు. పేరు కూడా అంతే, దాన్ని బుజ్జగించడానికీ తిట్టడానికీ వాడతాం. అందుకని ఎక్కడా వాడని మాట కావాలని ఆలోచించి, మేము మా కుక్క మిరియానికి ‘లడ్డూ’ అన్న పిలుపు పెట్టాం. మూడు నెలలు అద్భుతంగా పనిచేసింది. అంతలో వినాయక చవితి వచ్చింది. సెల్లారులో మండపం పెట్టారు, లడ్డూ వేలం సంగతి తొమ్మిది రోజులూ మెట్ల మీద, లిఫ్టులో, గుమ్మాల ముందు నడిచింది. ఆ మాట వినబడినప్పుడల్లా మిరియం తలుపు దగ్గరికి పరుగెత్తి, ముక్క రాక, వెనక్కి వచ్చి పడుకునేది. నిమజ్జనం నాటికి ఆ మాట విన్నా చెవి కూడా కదపలేదు. తప్పు మాదే. తర్వాత ఈలకు మారాం. రెండు పొట్టి కూతలు, ఒక పొడవు కూత. ఈలలో కోపం వినబడదు, ఇంట్లో ఎవరు ఊదినా ఒకేలా ఉంటుంది, గాలిలో దూరం పోతుంది. కుక్కర్ ఈలకు దగ్గరగా లేకుండా మాత్రం చూసుకోండి.

మొదటి వారం ఈలను ఇంట్లోనే, కుక్క మీకు రెండడుగుల దూరంలో ఉండగానే ఊదాలి. ఈల, వెంటనే అయిదారు ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి. ఒకే ముక్క ఇస్తే తిని వెళ్ళిపోతుంది. వరసగా ఇస్తే మీ దగ్గర నిలబడడం కూడా నేర్చుకుంటుంది. ముక్కలు ఇస్తూ రెండో చేత్తో మెడ పట్టీని మృదువుగా తాకి వదలండి. లేకపోతే వచ్చినట్టే వచ్చి, చేతికి అందకుండా రెండడుగుల అవతల ఆగే కుక్క తయారవుతుంది. రెండో వారం పక్క గదిలోంచి. మూడో వారం టెర్రస్ మీద, పిట్టగోడ కనీసం మీ ఛాతీ ఎత్తు ఉంటేనే. పిట్టగోడ మీద వాలిన పావురాన్ని చూసి ఇది ఎగరగలదు, అందుకని అక్కడ కూడా నవారు తగిలించే ఉంచాలి.

ఆ తర్వాత బయట. నవారు నేల మీద ఈడ్చుకుంటూ ఉండగా కుక్కను తిరగనివ్వండి. అది ఏ ఆకర్షణా లేకుండా నేల వాసన చూస్తున్నప్పుడు ఒక్కసారి ఈల ఊదండి. వస్తే పండగ చేయండి. రాకపోతే మళ్ళీ ఊదకండి. రెండోసారి, మూడోసారి ఊదితే ‘మొదటి ఈలకు రానక్కర్లేదు’ అన్న పాఠం నేర్పినట్టే. నవారు చివర పట్టుకుని దాని దగ్గరికి మీరే నడిచి వెళ్ళి, ముక్కు ముందు ముక్క చూపించి, నాలుగడుగులు వెనక్కి నడిపించుకుని రండి. అక్కడ ఓడిపోయింది కుక్క కాదు, మీ అంచనా. అంత దూరం నుంచి గానీ, అంత ఆకర్షణ మధ్య గానీ అది ఇంకా సిద్ధంగా లేదు. మరుసటి రోజు దూరం సగానికి తగ్గించాలి. పది పిలుపుల్లో తొమ్మిదింటికి వచ్చేదాకా తర్వాతి మెట్టు ఎక్కకూడదని నేను పెట్టుకున్న నియమం. ఒక్కో సాధన మూడు నిమిషాలు మించకూడదు. నాలుగో నిమిషంలో ముధోల్ ఆవులిస్తుంది, అయిదో నిమిషంలో పడుకుంటుంది. దాన్ని లేపి మళ్ళీ చేయించాలని చూస్తే మరుసటి రోజు ఈల చూస్తేనే మొహం తిప్పుకుంటుంది.

ఎంత చికెన్ పెట్టినా పరుగెత్తే ఉడుత ముందు అది వెలవెలబోతుంది. ఇక్కడే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ ప్రీమాక్ చెప్పిన సూత్రం పనికొస్తుంది: ఎక్కువ ఇష్టమైన పనిని తక్కువ ఇష్టమైన పనికి బహుమానంగా వాడుకోవచ్చు. అన్నం తింటేనే ఆటకు పంపుతామని మన అమ్మలు అనాదిగా చేస్తున్నది ఇదే. ముధోల్‌కు ప్రపంచంలో అన్నిటికంటే ఇష్టం పరుగు. కాబట్టి పిలవగానే వచ్చిన కుక్కకు ముక్క ఇచ్చి, పట్టీ తాకి, వెంటనే ‘పో’ అని మళ్ళీ వదిలేయాలి. పిలుపుల్లో పదింట ఎనిమిది ఇలా ముగియాలి. సాధారణంగా మనం ఆట అయిపోయాకే, ఇంటికి వెళ్ళడానికే పిలుస్తాం. నాలుగుసార్లకే కుక్క ఆ గుట్టు పట్టేస్తుంది. స్నానానికి, మాత్ర వేయడానికి, గోళ్ళు తీయడానికి ఎప్పుడూ ఈల వాడవద్దు. వాటికి మీరే లేచి దాని దగ్గరికి వెళ్ళండి. ఒక పొడవాటి కర్రకు రెండు మీటర్ల తాడు, తాడు చివర పాత గుడ్డ కట్టి నేల మీద తిప్పితే, ఫ్లాటులో పెరిగే ముధోల్‌కు వేట సరదా కొంత తీరుతుంది. గుడ్డను వెంటాడనివ్వడం, పట్టుకోనివ్వడం, ఆపి ఈల ఊదడం, వస్తే మళ్ళీ గుడ్డ తిప్పడం. నా అనుభవంలో నెల రోజుల చికెన్ చేయలేని పని ఈ గుడ్డ వారంలో చేసింది. రోజుకు అయిదు నిమిషాలు చాలు, మెత్తని మట్టి మీదే ఆడించాలి. అన్నం తిన్న గంటన్నర, రెండు గంటల వరకు ఆడించకూడదు. లోతైన ఛాతీ ఉన్న కుక్కలకు పొట్ట ఉబ్బి మెలితిరిగే ప్రమాదం ఎక్కువ, అది గంటల్లో ప్రాణం తీస్తుంది.

పట్టీ విప్పి సాధన చేయడానికి హైదరాబాదులో చోటు దొరకడం కష్టం. కొండాపూర్‌లో 2018లో నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ ప్రారంభించిన డాగ్ పార్కు ఉంది, 1.3 ఎకరాల కంచె వేసిన స్థలం. అయితే నేర్చుకునే దశలో ఉన్న ముధోల్‌కు అది సరిపడదని నా అభిప్రాయం. కీచుమంటూ పరుగెత్తే పొమెరేనియన్ దీని కంటికి కుందేలులాగే కనబడుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు అవతల బంధువులకో మిత్రులకో చుట్టూ ఆరడుగుల కంచె ఉన్న తోట ఉంటే, నెలకు రెండు ఆదివారాలు అడిగి తీసుకోండి. కంచె లేని చోట పట్టీ విప్పడం, కుక్క ఎంత బాగా వస్తున్నా, నేను చేయను. వేట మొదలైన క్షణంలో దాని చెవులు పనిచేయవు, మధ్యలో రోడ్డు ఉందన్నది దానికి పట్టదు.

వీధిలో నడకకు రెండే మాటలు. ప్రతి సందుకూ ఒక వీధికుక్కల గుంపు, ఆ గుంపుకు ఒక సరిహద్దు ఉంటాయి. అవి మొరగడం మొదలుపెట్టాక పరుగెత్తకుండా, కళ్ళలోకి చూడకుండా, గుప్పెడు ముక్కలు మీ కుక్క ముందు నేల మీద చల్లి, అది ఏరుకుంటుండగా వెనక్కి తిరిగిపోవాలి. ఈ మలుపును ఏ కుక్కలూ లేనప్పుడే ఇంటి ముందు ఇరవైసార్లు సాధన చేసి ఉంటేనే అవసరానికి వస్తుంది. ఇక ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరు లోపు, రాత్రి ఎనిమిది తర్వాతే బయటికి తీసుకెళ్ళాలి. అరచేతి వెనక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలు కూడా ఓర్చుకోలేవు.

ఏడెనిమిది నెలల వయసులో, అంతా వచ్చేసిందనుకున్న సమయంలో, కుక్క మిమ్మల్ని ఎన్నడూ చూడనట్టు ప్రవర్తిస్తుంది. ఇది పడుచుతనం, దాదాపు ఏడాదిన్నర వయసు దాకా వస్తూ పోతూ ఉంటుంది. చాలామంది ఇక్కడే విసిగి కొట్టడం, గొంతు బిగిసే గొలుసులు వాడడం మొదలుపెడతారు. లాబ్రడార్ దెబ్బ తిని కూడా మళ్ళీ చేరువవుతుందేమో గానీ, ముధోల్ ఒక్కసారి భయపడితే మూలన నిలబడి గోడ వైపు చూస్తుంది, వారాల పాటు మీ చేతి నుంచి ముక్క తీసుకోదు. ఆ దశలో చేయవలసిందల్లా నవారు మళ్ళీ బయటికి తీసి, రెండు మెట్లు కిందికి దిగి మొదలుపెట్టడమే.

ఇంట్లోవారి సంగతి ఒకటి చెప్పాలి. మీరు ‘వద్దు’ అంటే, పిల్లలు ‘నో’ అంటే, వాచ్‌మన్ ‘ఛల్ హట్’ అంటే కుక్క మూడు భాషలు నేర్చుకోదు, మూడింటినీ వదిలేస్తుంది. మాటల జాబితా రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. మా నాయనమ్మ మాత్రం ఏ జాబితా ఒప్పుకోలేదు. దోసె వేస్తూ అంచు ముక్క తుంచి, అడిగినా అడగకపోయినా పెట్టేది. ఆమెతో వాదించి లాభం లేక, ఈలను ఆమె చేతికే ఇచ్చాం. పెట్టేముందు ఊదమన్నాం, పొయ్యి దగ్గర దోసెకు ఒక ఈల. మిరియం ఇంట్లో అందరికంటే ఆమె ఈలకే వేగంగా వస్తుంది.

పశువుల డాక్టరుకు కూడా ఇది చూపుతో వేటాడే జాతి అని మొదటి రోజే చెప్పండి. ఒంట్లో కొవ్వు తక్కువ కాబట్టి ఇలాంటి కుక్కలకు కొన్ని రకాల మత్తుమందులు మామూలు కంటే ఎక్కువసేపు పట్టి ఉంటాయి. రేబిస్ టీకా, మున్సిపల్ రిజిస్ట్రేషన్ పూర్తయ్యాక, కాలర్‌కు మీ ఫోన్ నంబరు ఉన్న బిళ్ళ తప్పక తగిలించాలి.

ఎందుకంటే ఎంత జాగ్రత్తపడినా ఒక రోజు అది తప్పించుకుంటుంది. అప్పుడు వెంటపడకూడదు. మీరు ఎంత వేగంగా పరుగెత్తినా దానికది ఆటే, పైగా మీకంటే అదే బాగా ఆడుతుంది. కనుచూపు మేరలో ఉంటే దానికి ఎదురు దిక్కుకు నాలుగడుగులు పరుగెత్తి, నేల మీద కూర్చుని, ముక్కల డబ్బా ఆడించండి. కనబడకపోతే అది మీ చేతి నుంచి జారిన చోటే ఉండండి. వేట ముగిసిన ముధోల్ చాలాసార్లు బయలుదేరిన చోటికే తిరిగివస్తుంది. గత సంక్రాంతికి ఊరి అవతల తోటలో గేటు సందులోంచి మిరియం జారుకుంది. ఈల ఊదుతూ గేటు దగ్గరే కూర్చున్నాను. నలభై నిమిషాల తర్వాత కందిచేను గట్టు మీద కనబడింది, ఒంటి నిండా పల్లేరు కాయలు, నాలుక పక్కకు వేలాడుతోంది. నాకు కోపం ముంచుకొచ్చింది. డబ్బా మూత తీసి, ఉన్న చికెనంతా ఒక్కో ముక్కగా పెట్టి, మెడ పట్టీ తాకి, తాడు తిరిగి తగిలించి, కాసేపు అక్కడే కూర్చుని పల్లేరు కాయలు ఏరాను.